కంప్యూటరు ముచ్చట్లు: పుట ఉన్నది, ఆజ్ఞ లేదు

పుదుచ్చేరిలోని సారంలో మా శాఖా కార్యాలయం. ఆ పేరు విన్నప్పుడెల్లా, యానాం నుండి వచ్చిన మా సహోద్యోగి ఒకరు "నిస్సారమైన పనులన్నీ మనకే వస్తాయేమిటండీ?" అని నవ్వుతారు. ఇటీవల ఆయనకొక చిక్కు వచ్చింది.

పదవీ విరమణకు సిద్ధంగా ఉన్న ఒక కార్మికుని సేవా వివరాలు పాత ఆర్కైవు ఫైలులో ఉన్నాయి. పింఛను కాగితాలు ఆ వారంలోనే పంపాలి. మునుపు ఆ పని చూసినవారు, ఫైలును 'పాక్స్' ఆజ్ఞతో తెరవవలెనని చీటీ వ్రాసి ఉంచారు. మా లినక్సు యంత్రంలో 'మాన్ పాక్స్' అని కొట్టగా సుదీర్ఘమైన వివరణ పుట ప్రత్యక్షమైంది. తీరా ఆజ్ఞ ఇస్తే, అటువంటిది కనబడలేదని సమాధానం! అక్షరదోషమేమోనని మూడుసార్లు, అధికారం చాలదేమోనని నిర్వాహకుని హోదాలో మరోసారి ప్రయత్నించారు. ఆపైన ఫైలే చెడిపోయిందని నిశ్చయించుకొని, వివరాల నకలు కోరుతూ ప్రధాన కార్యాలయానికి లేఖ వ్రాయబోయారు.

లినక్సులో వివరణ పుటలు ఒకచోట, ఆజ్ఞలు వేరొకచోట ఉంటాయి. 'మాన్' తన పుటలనే వెదకుతుంది. షెల్ తన ఆజ్ఞలనే వెదకుతుంది. ఒకదానినొకటి సంప్రదించవు. 1971 నవంబరు 3 తేదీతో థాంప్సన్, రిచీలు వెలువరించిన తొలి యూనిక్సు కరదీపిక నాడు పుట వ్రాసినవారూ, ఆజ్ఞ వ్రాసినవారూ ఒకే ప్రయోగశాలవారు. నేడు రెండూ వేర్వేరు ప్యాకేజీలుగా రావచ్చు. మాది డెబియన్ వంశపు యంత్రం. అందులో పోసిక్స్ ప్రమాణపు పుటలను మాత్రమే తెచ్చే ప్యాకేజీ ఒకటి ఉన్నది. ప్రమాణం చెప్పేది ఏమి ఉండాలో గాని, మన యంత్రంలో ఏమున్నదో కాదు. క్యాంటీను గోడమీది పట్టికలో పెసరట్టు ఉన్నంత మాత్రాన పెనం మీద ఉన్నట్టా?

టార్, సీపీఐఓ పక్షాల మధ్య రాజీగా పుట్టినది ఈ పాక్స్. లాటిన్‌లో ఆ మాటకు శాంతి అని అర్థం. మావాడికి మాత్రం రెండు రోజులు శాంతి లేదు!

వింత ఏమిటంటే, ఈ సౌకర్యం లినక్సులో అసలే ఉండకపోవచ్చునని ఆ పుట మొదటి పేరాలోనే ఉన్నది. ఆయన దానిని దాటి సరాసరి ఉదాహరణలకు వెళ్ళారు. (నేనైనా అంతే చేసేవాణ్ణి.) 'టైప్ పాక్స్' అని షెల్‌నే అడిగి ఉంటే క్షణంలో తేలిపోయేది.

పాక్స్ ప్యాకేజీని స్థాపించగానే ఫైలు తెరుచుకున్నది. పాక్స్ సాధారణంగా వ్రాసే పద్ధతిని టార్ కూడా చదవగలదు గనుక, దానితోనైనా పని జరిగేదే. కాగితాలు శుక్రవారం వెళ్ళాయి. లేఖ చిత్తుప్రతిని చించివేసి, పాత చీటీ అడుగున ఆయన ఒక పంక్తి చేర్చారు: "ముందుగా ప్యాకేజీ ఉన్నదో లేదో చూడవలెను."