లారీ ఎక్కి పోతున్న పొటాష్

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం సొసైటీల ముందు బారులు తీరారు. చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి పడిగాపులు కాశారు. పత్రికల నిండా అవే ఫోటోలు. పొటాష్ కోసం ఎవరైనా అలా చెప్పులు పెట్టారా? ఆలుగడ్డ పండే ఊళ్లలో కూడా నాకైతే కనబడలేదు. ఆ పంట అన్నిటికన్నా ఎక్కువగా తినేది మాత్రం పొటాషే.

లెక్క కష్టమేం కాదు. టన్ను ఆలుగడ్డల్లో సుమారు ఐదు కిలోల పొటాష్, మూడు కిలోల పైచిలుకు నత్రజని, కిలో మీద కాస్త భాస్వరం ఉంటాయి. జహీరాబాద్ వైపు ఎర్రనేలలో ఒక ఎకరం మంచిగా పండి, పది టన్నులు లారీ ఎక్కాయనుకుందాం. గడ్డలతో పాటే యాభై కిలోల పొటాష్ ఊరు దాటింది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉండేది ముప్పై కిలోలు. అంటే బస్తాన్నర పైనే పోయింది. భాస్వరం పోయింది పదమూడు కిలోలు. రెండు బస్తాల డీఏపీ చల్లితే పడింది నలభై ఆరు. ఎర్రనేల కొంత భాస్వరాన్ని మొక్కకు అందకుండా పట్టేసుకుంటుంది, నిజమే. ఆలుగడ్డ వేళ్లు పైపైనే ఉంటాయి, పంటకాలం మూడు నెలలే, కాబట్టి కొంత ఎక్కువే వేయాలి. అయినా ఏటా డీఏపీ దిగుతూ, పొటాష్ దుకాణంలోనే ఉండిపోతే ఆ మడి ఎన్నాళ్లు మోస్తుంది?

రైతుకు తెలియక కాదు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. పొటాష్ బస్తాకు దానికి ఐదింతలకు పైనే పెట్టాలి. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు. 2023 యాసంగికి కేంద్రం కిలో నత్రజనికి 47.02 రూపాయల సబ్సిడీ ప్రకటించింది, కిలో పొటాష్‌కు 2.38. పేరులో మాత్రం అన్ని పోషకాలూ ఉన్నాయి! అసలే విత్తన గడ్డకు, దాని రవాణాకు చేతిలో డబ్బంతా పోయాక, చిన్న రైతు చిట్టాలో మొదట కొట్టేసేది పొటాష్‌నే. నేనున్నా అదే చేస్తాను.

దాని ఫలితం ఆకు మీద రాసి ఉంటుంది. ముందు కింది ఆకుల అంచులు కంచు రంగుకు తిరిగి, మాడి, కిందికి ముడుచుకుంటాయి. చాలామంది ఆకుమాడు తెగులనుకుని మందు కొడతారు. దానికి తోడు మట్టి ఎగదోసేటప్పుడు యూరియా మరో పిడికెడు పడిందంటే పైన చేను నల్లగా, ఏపుగా కనబడుతుంది, కింద గడ్డ ఊరడం ఆలస్యమవుతుంది. దారిన పోయేవాళ్లు చేనును మెచ్చుకుంటారు. కమీషన్ ఏజెంటు చూసేది గడ్డనే.

బస్తా కొనలేనప్పుడు దిక్కు పెంటే. మాగిన పశువుల ఎరువులో నత్రజనికి దరిదాపుగా పొటాష్ కూడా ఉంటుంది. పది టన్నులు తోలితే యాభై కిలోల దాకా వస్తుంది, అయితే నేల నిదానంగా ఇస్తుంది. పచ్చి పెంట మాత్రం వద్దు, గడ్డకు గజ్జి తెగులు పట్టే ప్రమాదముంది. ఇంతకీ ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన ఊళ్లో పది టన్నుల పెంట ఎక్కడిది? అల్లం రైతు, చెరకు రైతు కూడా అదే దిబ్బకు బేరమాడుతుంటారు.

2015లో వచ్చిన భూసార కార్డు ఇక్కడ అక్కరకు రావాలి. అందులో పన్నెండు అంశాలున్నాయి, పొటాష్ కూడా ఉంది. కానీ నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక్క నమూనా తీయాలన్నది అప్పటి నియమం. ఆరెకరాల పైమాటే! ఎకరం రైతు చేతికొచ్చిన కార్డులో పక్కవాడి మట్టి కూడా కలిసి ఉంటుంది. ఆలుగడ్డ వేసే ప్రతి మడికీ వేరుగా పరీక్ష చేయడం ప్రభుత్వానికి మోయలేని భారమేమీ కాదు. మడిలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో గుంట తీసి, అంచు నుంచి మట్టి గీకి, కలిపి, అరకిలో సంచిలో వేస్తే చాలు. విత్తనం దసరా ముందూ వెనుకా పడుతుంది గనుక సెప్టెంబరు దాటకముందే ఆ కాగితం రైతుకు అందాలి. పంట తీశాక వచ్చే కార్డు గూట్లో దాచుకోవడానికే పనికొస్తుంది. కాగితంలో పొటాష్ తక్కువని తేలిన మడికి, ఆ ఒకటిన్నర బస్తాకు సబ్సిడీ రాష్ట్రమే ఇవ్వొచ్చు. కేంద్రం 2.38ని ఎప్పుడు సవరిస్తుందా అని ఎదురుచూడాల్సిన పని లేదు.