మంచుచరియ దైవఘటనయా?

2014 మే 25వ తేదీన పాకాల గ్రామపు పూర్ణయు, ఖమ్మము జిల్లా ఆనందకుమారుడును ఎవరెస్టు శిఖరము నధిరోహించినపుడు తెలుగునాడెల్ల జయధ్వానములు చేసెను. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లును నిండలేదు. ఆ కీర్తి న్యాయమైనదే. కాని అదే పర్వతపు నేపాళ పార్శ్వమున, ఆ యేటనే ఏప్రిలు 18న, మంచు విరిగిపడి పదునార్గురు సహాయకులు మృతిచెందిన వార్తను మన సన్మానసభలలో ఎందరు తలంచిరి?

మంచు కురియని కొత్తగూడకు ఈ చర్చ యేల యని పాఠకులు శంకింతురేమో! మంచు ఇచట లేదు. మంచుకొండలకు పోవు బిడ్డలు మనవారు. 2016 ఫిబ్రవరి 3న సియాచినులో పదిమంది సైనికులను బలిగొన్న మంచుచరియలో కర్నూలు జిల్లావాడొకడు కలడు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా పర్వతమున శిక్షణ నందుచున్న బృందమునుండి ఇరువది తొమ్మండుగురు మరలిరాలేదు.

ఇట్టి ప్రతి విపత్తునకును 'దైవఘటన' యను మాట సిద్ధముగా నుండును. న్యాయస్థానములలో ఈ వాదమును మేము పలుమారు వింటిమి. మానవుడు తగిన జాగరూకతతో ముందుగా నెఱుగజాలని దానికే అది చెల్లును. మంచు అట్టిది కాదు. అది పొరలు పొరలుగా పేరుకొనును. ఇసుకవలె పొడియైన బలహీనపు పొరపై గాలి తెచ్చిన మంచు పలకవలె గట్టిపడినపుడు, ఒక మనుష్యుని బరువుకే ఆ పలక విరిగి జారును. ముప్పది మొదలు నలువదియైదు డిగ్రీల వాలు మిక్కిలి ప్రమాదకరము. క్రొత్తగా కురిసిన మంచు, ఆకస్మికమైన యెండ, అడుగుక్రింద డొల్లచప్పుడు, పాదములనుండి ప్రాకు పగులు: ఇవన్నియు ముందుగా వచ్చు సాక్ష్యములు. గోయి త్రవ్వి పొరలను పరీక్షింపవచ్చును. హెచ్చరికలు ప్రకటించు ప్రభుత్వసంస్థలును కలవు.

'ఇంత విచారించిన సాహస మేమి మిగులును?' అందురు కొందరు. శ్రావణమాసమున పొంగిన వాగులో కఱ్ఱతో లోతు చూడక దిగని మన్యవాసిని పిఱికివాడని ఎవరందురు? పరీక్ష యెంత చేసినను పది యడుగుల ఆవల మంచు వేఱుగా నుండవచ్చును. కావుననే మరలివచ్చుటయు విద్యయే. మరలు స్వేచ్ఛలేని సైనికుని విషయమున ఆజ్ఞయిచ్చువాని బాధ్యత ఇనుమడించును.

మంచులో కప్పబడినవానిని పావుగంటలోపల వెలికిదీసిన బ్రదుకు ఆశ మెండు. పిమ్మట అది శీఘ్రముగా క్షీణించును. పట్టణమునుండి వచ్చు సహాయ మప్పటికి అందదు. కనుక జాడతెలుపు యంత్రము, గ్రుచ్చి వెదకు కడ్డీ, పార ప్రతివాని మూపున ఉండవలెను.

మన బిడ్డలను హిమాలయములకు పంపు ప్రభుత్వములను, పాఠశాలలను, దాతలను మేమడుగునది స్వల్పము. జెండా చేతికిచ్చుటకు ముందు మంచును చదువ నేర్పుడు, పరికరములు సమకూర్పుడు, శిఖరము చేరినవానితోపాటు అపాయమెఱిగి మరలినవానికిని సన్మానము చేయుడు. ఇది చేయనివారికి రేపు దైవమును సాక్షిగా పిలుచు అధికారము లేదు.