పొయ్యి వెలిగించని పండగ

పండగంటే ఇంట్లో అందరికీ సెలవు, ఒక్క అమ్మకి తప్ప! కొత్త మాటేం కాదిది. కానీ ఉగాది, శ్రీరామనవమి, ఈస్టర్ వరసగా వచ్చే ఈ రోజుల్లో మళ్ళీ చెప్పుకోక తప్పదు. 2025లోనైతే మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్, ఏప్రిల్ 6న శ్రీరామనవమి, 20న ఈస్టర్.

విశాఖలో మల్కాపురం లాంటి చోట ఈ పండగలన్నీ చేసుకునేవాళ్ళు ఇరుగుపొరుగునే ఉంటారు. ఆ ఇంటి నుంచి బొబ్బట్లొస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. పైగా రిఫైనరీ, షిప్‌యార్డు, పోర్టు... షిఫ్టు డ్యూటీల బతుకులు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషికి టిఫిను, మధ్యాహ్నం వెళ్ళే మనిషికి క్యారేజీ, మధ్యలో పిండివంటలు. "పండగ పిల్లలకక్కా, మనకి పొయ్యే" అందో చెల్లెలు. నవ్వుతూనే అంది. వినడానికి మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పటి పిల్లలకి బూరెలతో పాటు చాక్లెట్ కూడా కావాలి. "మనకి ఓవెన్ లేదుగా" అంటాం. ఓవెన్ అక్కర్లేదు, పొయ్యీ అక్కర్లేదు.

మేరీ బిస్కెట్లు 200 గ్రాములు మెత్తగా పొడి చేయండి. మూడు పెద్ద చెంచాల కోకో పొడి జల్లించి కలపండి. కండెన్స్‌డ్ మిల్క్ 200 గ్రాములు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా ముద్ద చేయండి. మరీ అంటుకుంటుంటే ఇంకో రెండు బిస్కెట్ల పొడి వేస్తే సరి. పంచదార వద్దు, ఆ పాలల్లోనే బోలెడు ఉంది. చేతికి నెయ్యి రాసుకుని నిమ్మకాయలో సగం సైజు ఉండలు చేసి, ఎండుకొబ్బరి పొడిలో దొర్లించి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పాతిక దాకా వస్తాయి. పచ్చికొబ్బరి వాడకండి, ఈ ఎండలకి త్వరగా పాడవుతుంది.

చాక్లెట్ బిళ్ళలు కరిగించి అచ్చుల్లో పోస్తే అందంగానే ఉంటాయి. కానీ అసలైన చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నోట్లో వెన్నలా జారేది అందుకే. మన ఎండల్లో పళ్ళెంలోనే జారిపోయేదీ అందుకే! పక్కింటికి పంపాలంటే బిస్కెట్ ఉండలే నయం.

ఇంతవరకూ చెప్పింది వంటకం. అసలు మాట ఇంకోటుంది. ఈ ఉండలు మీరు చేయకండి. పిల్లల చేత చేయించండి. నూనె కాగదు, ఆవిరి కొట్టదు, కత్తి పని లేదు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు నిశ్చింతగా చేయగలరు. అమ్మాయినే పిలిచి, అబ్బాయిని క్రికెట్‌కి పంపేయకండి. ఇద్దరి చేతులూ కడిగించి కూర్చోబెట్టండి. వంటిల్లంతా పొడి చేస్తారనీ, ఉండలు వంకరగా వస్తాయనీ మన బెంగ. రానివ్వండి. తుడిచే గుడ్డ కూడా వాళ్ళ చేతికే ఇవ్వండి. "నువ్వు లే, నీకు రాదు" అన్న ఒక్క మాటతో వంట ఎన్నో ఏళ్ళుగా ఆడవాళ్ళ మెడకే చుట్టుకుంది. ఆ మాట అన్నవాళ్ళలో మనమూ ఉన్నాం.

ఇదేదో పరదేశపు వంట అనుకోకండి. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన కోకో పండుతోంది. 2024లో కిలో గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. 2025లో ధర పడిపోయి ఆ రైతులే రోడ్డెక్కారు. ఉండ చుడుతున్న పిల్లలకి ఆ కబురూ చెప్పండి, తినే తిండి వెనక మనుషులుంటారని తెలుస్తుంది.

పొయ్యి ఎక్కని పండగ వంట మనకి కొత్తా? ఉగాది పచ్చడి పొయ్యి ఎక్కుతుందా? నవమినాటి పానకం, వడపప్పు ఎక్కుతాయా? పెద్దవాళ్ళు ఎప్పుడో కనిపెట్టిన సుఖమే ఇది. ఈసారి పక్కింటి గిన్నెలో ఆ వంకర ఉండలు పెట్టి, "మా వాడు చేశాడు వదినా" అని చెప్పి చూడండి.

ఆ కాసేపూ మీరు మాత్రం ఫ్యాను కింద కూర్చోవాలి సుమా!