గుఱియు నోర్పును

ఆటలలో గొన్నిటికి లోకమున గొప్ప పేరు గలదు, కొన్నిటికి లేదు. క్రికెట్టు ఆడువానిని వీథిలోని పసివాడును ఎఱుగును. దూరమున నొక చిన్న గుఱి నుంచి, దానినే మరల మరల గొట్టుటకు దినములు వెచ్చించువానిని మాత్రము ఇంటివారు సైతము “దీనివలన నీకేమి కలిసివచ్చును?” అని యడుగుదురు. ఈ ప్రశ్న అనుచితము కాదు. బిడ్డల కాలము తలిదండ్రుల సొమ్ముకంటె విలువైనది. కావున మాకు దోచినంతలో దీనికి సమాధానము చెప్పదలచితిమి.

అమెరికా దేశపు పల్లెలలో గుఱ్ఱపు లాడములతో నాడు నాట యొకటి గలదు. 40 అడుగుల యెడమున రెండు ఇనుప మేకులను పాతి, ఒకదానికడ నిలిచి రెండవదాని మీదికి లాడమును విసరుదురు. లాడము మేకును చుట్టుకొని పడిన 3 పాయింట్లు. టెడ్ ఆలెన్ అనునతడు 1933లో షికాగో నగరమున ఈ యాటలో ప్రపంచ విజేతయై, 1959లోపల పది పర్యాయము లా బిరుదమును గెలిచెను. ఆ యాటకు ఒలింపిక్ పోటీలలో చోటు లేదు. లేదని యతడు లాడమును విడువలేదు.

ఇట్టి యుదాహరణమునకై అంతదూరము పోనక్కఱలేదు. విజయవాడలో 1996లో జన్మించిన వెన్నం జ్యోతి సురేఖ చరిత్రము మన యెదుటనే యున్నది. ఐదేండ్లు నిండకమునుపే కృష్ణానది నీదిన యీ బాలిక, పిమ్మట విల్లు చేపట్టెను. ఆమె యెన్నుకొన్నది కాంపౌండు విల్లు. దాని కొనలయందు కప్పీలవంటి చక్రములుండును. నారిని పూర్తిగ లాగినపిదప పట్టియుంచుటకు వలయు బలము వానివలన మిక్కిలి తగ్గును. అందుచే నీ పోటీలో కండబలముకంటె చేతి నిలుకడయు మనస్సు నిలుకడయు జయాపజయములను నిర్ణయించును. గుఱి 50 మీటర్ల దూరమున నుండును. పది పాయింట్ల వలయము అడ్డుకొలత 8 సెంటీమీటర్లు మాత్రమే.

ఆసియా క్రీడలలో ఆమె నడచిన మెట్లను జూడుడు. 2014లో ఇంచియాన్‌లో జట్టుతో కాంస్యము. 2018లో జకార్తాలో జట్టుతో రజతము. 2023లో హాంగ్‌జౌలో మూడు స్వర్ణములు. నడుమ 2021లో అమెరికాలోని యాంక్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో మూడింటను తుదియాట దాక పోయి, మూడింటను రజతముతోనే మరలవలసి వచ్చెను. స్వర్ణమును మూడుమారులు చేతికందునంత దగ్గఱ జూచి, అందుకొనలేక తిరిగివచ్చినవారికి మరునాడు విల్లెత్తుట యెంత కష్టమో ఊహింపవచ్చును. ఆమె యెత్తెను. 2023లో బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో గూడి జట్టు స్వర్ణమును గెలిచెను. ప్రపంచ విలువిద్యా పోటీలలో మన దేశమునకు అదియే తొలి స్వర్ణము. ఆ సంవత్సరమే హాంగ్‌జౌలో వ్యక్తిగత తుదియాటను 149–145తో గెలిచెను. పదునైదు బాణములకు 150 పూర్ణము. అనగా పదునాలుగు నడిమి వలయమున నాటుకొనగా, ఒక్కటి మాత్రమే తప్పినది.

పాఠకులు గమనింపవలసిన దింకొకటి గలదు. ఈ యేండ్లన్నియు కాంపౌండు విల్లునకు ఒలింపిక్ క్రీడలలో ప్రవేశమే లేదు. 2028 క్రీడలలో దీనికి స్త్రీపురుషుల ఉమ్మడి పోటీగా చోటిత్తుమని 2025లో మాత్రమే ప్రకటించిరి. తలుపు తెఱచువఱకు వేచియుండి తరువాత సాధన మొదలిడిన వారికి ఆ తలుపువలన ప్రయోజన మేమి?

ఇక మన కమలాపురము మాట. పాపాఘ్ని పెన్నేటిలో గలయు నీ ప్రాంతమున, వానకై యెదురుచూచుట మనకు బాల్యమునుండి నేర్చిన విద్య. జొన్నచేని మంచెపై నిలిచి వడిసెలతో పిట్టలను దోలిన తాతల మనుమలకు గుఱి క్రొత్త గాదు. లేనిది అభ్యాసక్రమము. కాంపౌండు విల్లు వెల యెక్కువ; ప్రతి యింటివారును కొనజాలరు. మేకొకటి, ఇనుప కడియములు రెండు, కొలిచి గీచిన గీత యొకటి యున్న జాలును. దినమునకు అరగంట, ఇరువది విసరులు, ఎన్ని తగిలెనో వ్రాసికొనుట కొక చిన్న పుస్తకము. ప్రతి పాఠశాలయు తన యాటస్థలమున నొక మూల దీనికై విడువవలెననియు, బాలురతో సమముగ బాలికలకును అవకాశ మీయవలెననియు మా యభిప్రాయము.

చదువు చెడునని భయపడు తలిదండ్రులకు మా మనవి యిది. నేడు ఇరువదింట ఆరు తగిలినవని నిజము వ్రాసికొని, రేపు ఏడవదానికై ప్రయత్నించు బిడ్డ, లెక్క తప్పినప్పుడు పలకను విసరికొట్టడు. తుడిచి మరల వేయును. పతకము వచ్చినను రాకున్నను ఆ గుణము వానియొద్దనే నిలుచును. “దీనివలన నేమి కలిసివచ్చును?” అను ప్రశ్నకు మేము చెప్పగల సమాధాన మిదియే.