చిన్న గేరు చిన్నతనం కాదు

'ఆడపిల్లకు గేర్ల సైకిలెందుకండీ, మామూలుది చాలదూ?' అనేవాళ్ళు మన కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. 'ఇరవై ఒక్క గేర్లున్నదే కావాలి' అని మారాం చేసే మగపిల్లలూ ఉన్నారు. గేరంటే ఒకరికి సోకు, ఇంకొకరికి వేగం. నిజానికి గేరు ఉన్నది అలసట తగ్గించటానికి. వెనక కూరగాయల సంచీ, భుజాన పుస్తకాల బ్యాగు, ఎదురుగాలి - వీటితో తొక్కేవాళ్ళకే అది ముందు కావాలి. అలా తొక్కేది ఎక్కువగా మనమూ, మన ఆడపిల్లలూ.

సింగరేణి ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. ఓపెన్‌కాస్టు గనిలోంచి నిండు డంపరును పైకి తెచ్చే ఆపరేటర్ని అడిగి చూడండి. బరువున్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు బండి చిన్న గేరులోనే నడవాలంటాడు. అందుకు అతనేం సిగ్గుపడడు. మరి సైకిలు దగ్గరకొచ్చేసరికి చిన్న గేరంటే చేతకానివాళ్ళదని ఎందుకనుకుంటాం?

లెక్క చాలా తేలిక. పెడల్ దగ్గరున్న చక్రం పళ్ళను వెనక చక్రం పళ్ళతో భాగించండి. ముందు 48, వెనక 18 ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక టైరు రెండుంపావు కంటే ఎక్కువే, దాదాపు 2.7 చుట్లు తిరుగుతుంది. అంటే అయిదు మీటర్లు దాటి వెళ్తాం. చదును రోడ్డు మీద హాయిగానే ఉంటుంది. వంతెన ఎత్తు ఎక్కాలంటే మోకాళ్ళు పట్టేస్తాయి. అదే ముందు 28, వెనక 28 అయితే ఒక చుట్టుకు ఒక చుట్టే. రెండు మీటర్లే వెళ్తాం గానీ, కూర్చునే ఎక్కేస్తాం. పందేల రోడ్డు సైకిళ్ళలో ముందు 50, వెనక 11 కూడా ఉంటాయి. పెడల్ ఒక్కసారి తిరిగేసరికి టైరు నాలుగున్నర చుట్లు! ట్యూషన్‌కు వెళ్ళే పిల్లకు దానితో పనేమిటి?

ఇరవై ఒకటి అన్న అంకె కూడా మాయే. ముందు మూడు, వెనక ఏడు - గుణిస్తే ఇరవై ఒకటి. వాటిలో చాలా గేర్లు ఇంచుమించు ఒకటే. పైగా గొలుసు బాగా వాలిపోతుంది కాబట్టి ముందు చిన్నదీ వెనక చిన్నదీ, ముందు పెద్దదీ వెనక పెద్దదీ కలిపి వాడకూడదు. అందుకని గేర్లు ఎన్ని అని కాదు, అన్నిటికంటే చిన్న గేరు ఎంత అని అడగండి. ముందున్న చిన్న చక్రం పళ్ళు వెనకున్న పెద్ద చక్రం పళ్ళకు సమానంగానో తక్కువగానో ఉంటే బరువుతో కూడా ఎత్తు ఎక్కవచ్చు. గోదావరి వంతెన దాటి మంచిర్యాల వైపు, ఇంకా దూరం, సామాను కట్టుకుని వెళ్దామనుకునే పిల్లలకైతే ఇది తప్పనిసరి.

పోయినేడు మా అమ్మాయికి సైకిలు కొందామని వెళ్తే, దుకాణంలో 'మేడమ్‌కు బుట్ట ఉన్న గులాబీ రంగుది చూపించు' అన్నారు. పళ్ళెన్ని అని అడిగితే నవ్వారు. నేను కూర్చుని లెక్కపెట్టాను. మీరూ మొహమాటపడకండి. రంగును చూసి చీర కొంటాం గానీ సైకిలు కొనం కదా!

ఫ్రాన్సులో సెంటెతియెన్ అని ఒకప్పటి బొగ్గుగనుల ఊరుంది. 'వెలోసియో' అనే కలం పేరుతో రాసిన పాల్ ద వివీ (1853-1930) అక్కడే ఉండి, దూరప్రయాణాలకు గేర్లు కావాలని పత్రిక పెట్టి మరీ వాదించాడు. 1902లో అక్కడి టూరింగ్ క్లబ్ కొండదారిలో పెట్టిన పరీక్షలో మార్త్ హెస్ అనే మహిళ మూడు గేర్ల సైకిలు తొక్కి చూపించింది. అయినా మగవాళ్ళ పౌరుషం ఒప్పుకోలేదు. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో గొలుసును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి మార్చే గేర్లను 1937లో గానీ అనుమతించలేదు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. గొలుసు చక్రాలు మారాలి కాబట్టి ఈ సైకిళ్ళకు పాత లేడీస్ సైకిలుకున్నట్టు నిండు చైన్ కవరు ఉండదు. చున్నీ, చీరకుచ్చిళ్ళు భద్రం. వెనక ఇరుసులోనే మూడు గేర్లు దాగి ఉండే రకమైతే నిండు కవరు పెట్టుకోవచ్చు. మన బొగ్గు దుమ్ముకు గొలుసును తరచూ తుడవాలి. ఎత్తు మొదలవకముందే, పెడల్ తిప్పుతూ, తేలిగ్గా గేరు మార్చాలి.

ఇంత చెప్పటం ఎందుకంటే, మన ఇళ్ళల్లో ఎంతోమంది ఆడపిల్లల సైకిళ్ళు పదో తరగతి కాగానే గోడకు చేరుతున్నాయి. 'దానికి ఓపిక లేదు' అంటాం. ఓపిక లేక కాదు, ఆ సైకిలు దాని కాళ్ళకు తగ్గది కాక. అన్నయ్య తొక్కి వదిలేసిన పెద్ద గేరు సైకిలిచ్చి, ఆయాసపడితే బలహీనురాలని పేరు పెట్టటం ఏం న్యాయం? తన కాళ్ళతో తను అనుకున్న చోటికి వెళ్ళగలనన్న ధైర్యం పిల్లకు చిన్నప్పుడే రావాలి. అది వెనక చక్రం మీద నాలుగు పళ్ళు ఎక్కువుంటే వస్తుందంటే, ఆ పళ్ళు లెక్కపెట్టటానికి అమ్మలమైన మనకు నామోషీ ఎందుకు?