న్యాయసహాయం మహల్లా దాకా రావాలి

పేదరికం కారణంగా ఏ పౌరునికీ న్యాయం దూరం కారాదని రాజ్యాంగంలోని 39-ఎ అధికరణం రాజ్యాన్ని ఆదేశిస్తోంది. ఆ ఆదేశాన్ని నెరవేర్చడానికి 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు. 1995 నవంబరు 9న అది అమలులోకి వచ్చింది. అయినా నేటికీ మన మహల్లాల్లో కేసు అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది అప్పే. వకీలు ఫీజు కోసం నగలు కుదువపెట్టే కుటుంబానికి, ఆ ఖర్చును ప్రభుత్వమే భరించే ఏర్పాటు ఉన్నదని చెప్పేవారు కరువయ్యారు.

ఆ చట్టంలోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు తదితరులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. మైనారిటీ అన్న మాట ఆ జాబితాలో లేనందున ఇది మనకు సంబంధించినది కాదన్న అపోహ సులభంగా కలుగుతుంది. నిజానికి మన ఇళ్లలోని ప్రతి స్త్రీ, జైలులో ఉన్న మన ప్రతి యువకుడు, ఆదాయ పరిమితికి లోబడిన ప్రతి ఆటో డ్రైవరు, దర్జీ అర్హులే.

ఈ సహాయాన్ని చేరుకునే దారిని సాంకేతికత దగ్గర చేసింది. 15100కు ఫోను చేస్తే న్యాయ సేవాధికార సంస్థల సహాయం కోరవచ్చు. 2017లో మొదలైన టెలి-లా ద్వారా, 14454 నంబరుకు ఫోను చేసి గానీ గ్రామంలోని కామన్ సర్వీస్ సెంటరులో గానీ న్యాయవాది సలహా పొందవచ్చు. అయితే ఇది కోర్టుకు వెళ్లే ముందు అందే సలహా మాత్రమే. కోర్టులో వాదించే వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వాలి.

విచారణ ఖైదీల కుటుంబాలకు ఈ-కోర్ట్స్ యాప్ మరీ ముఖ్యం. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు గల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దానితో తదుపరి వాయిదా ఎప్పుడో, గత వాయిదాలో ఏం జరిగిందో ఇంటి నుంచే చూడవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షను ప్రకారం, గతంలో ఏ నేరానికీ శిక్ష పడని ఖైదీ ఆ నేరానికి గల గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణలోనే గడిపితే బెయిలుకు అర్హుడు. మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష విధించదగిన నేరాలకు, ఒకటికి మించి కేసులు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఆ గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది. కానీ రోజులు లెక్కపెట్టే మనిషి ఇంట్లో ఉంటేనే ఆ బాధ్యత గుర్తుచేయగలం.

భరణం సంగతీ అంతే. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షను కింద భరణం కోరవచ్చునని, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2024 జూలై 10న స్పష్టం చేసింది. కానీ ఇంట్లో ఉన్న ఒకే ఫోను భర్త చేతిలోనో అన్న చేతిలోనో ఉంటే ఆమె తన గోడు ఎవరికి చెప్పుకోవాలి? నలుగురూ నిలబడిన సెంటరు కౌంటరు ముందు ఏమని చెప్పాలి? ఏకాంతం కల్పించని సాంకేతికత స్త్రీకి సగం సహాయమే.

మోసగాళ్లూ ఈ దారిలోనే పొంచి ఉన్నారు. 'డిజిటల్ అరెస్టు' అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు అడిగేవాడు పోలీసు కాదు. అటువంటి సందర్భంలో వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి.

ప్రభుత్వాలను మేము కోరేది రెండు. న్యాయసహాయ ఫోను సేవలు తెలుగుతో పాటు ఉర్దూలోనూ అందాలి. ప్రతి సెంటరులో స్త్రీలు చాటుగా మాట్లాడుకునే గది ఉండాలి. ఇక మన వంతు. ప్రతి మస్జిదు కమిటీ చదువుకున్న ఇద్దరికి, ఒక యువకునికి, ఒక యువతికి, ఈ పని నేర్పించాలి. జుమా నమాజు తరువాత ఒక గంట యువకుడు, వారానికొక రోజు బడిలోనో మదర్సాలోనో స్త్రీల కోసం యువతి కూర్చోవాలి. వచ్చినవారి కేసు నంబరు, వాయిదా, దరఖాస్తు రసీదు ఒక రిజిస్టరులో రాయాలి. ఇంటి రహస్యాలు అందులో రాయకూడదు.

ప్రభుత్వ కార్యాలయాలలో ఏళ్ల తరబడి పనిచేసిన మాకు తెలిసినది ఒకటే: నోటిమాటకు ఫైలులో చోటు లేదు. తేదీ, నంబరు, రసీదు ఉన్న అర్జీని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. ఆ మూడూ పేదవాని చేతిలో పెట్టగలిగితే ఫోను సార్థకమైనట్లే.