దౌహిత్రులు లెక్కలోకి రారా?

మొన్న మలక్‌పేట రేసుకోర్సులో రెండు రేసుల మధ్య ఖాళీలో నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఒక మాటన్నాడు. ముప్పై ఏళ్లుగా రేసులకు వస్తున్నాడట, మాటతీరు మర్యాదగానే ఉంది. మాట అమెరికా గుర్రాల మీదికి మళ్లింది. "సెక్రటేరియట్‌లా పరిగెత్తిన గుర్రం మళ్లీ పుట్టలేదండీ. ఏం లాభం? వంశం నిలబెట్టలేకపోయింది" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాతి రేసు ఏ గుర్రం గెలిచిందో కూడా నేను చూడలేదు.

ఆ మాట ఆయన కనిపెట్టింది కాదు. రేసుల మీద రాసేవాళ్లు, రక్తసంబంధాల పండితులు, పందెగాళ్లు యాభై ఏళ్లుగా ఒకరి నోటి నుంచి ఒకరు అందుకుంటూ వస్తున్నారు. ట్రాక్ మీద మహారాజు, స్టడ్ ఫార్మ్‌లో దండగ అని. లెక్క సరిచూసుకున్నవాడు ఒక్కడూ నాకు తగల్లేదు. ఎందుకు చూసుకోరో నాకు తెలుసు. లెక్క చూడాలంటే కూతుళ్ల వైపు చూడాలి. అటు తిరిగే అలవాటు వీళ్ల మెడలకు లేదు.

ఆ గుర్రం 1970 మార్చి 30న వర్జీనియాలో డోస్‌వెల్ దగ్గర ‘ద మెడో’ అనే ఫార్మ్‌లో పుట్టింది. ఎర్రటి చెస్ట్‌నట్ రంగు, మూడు కాళ్లకు తెలుపు. 1973లో, మూడేళ్ల వయసులో, కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ గెలిచింది. 1948లో సైటేషన్ గెలిచాక అమెరికాలో పాతికేళ్లపాటు ఏ గుర్రానికీ ఆ ట్రిపుల్ క్రౌన్ దక్కలేదు. డెర్బీ మైలుంపావు దూరం. ఏ గుర్రమైనా చివరికి వచ్చేసరికి అలుస్తుంది, అడుగు బరువెక్కుతుంది. ఇది మాత్రం ప్రతి పావుమైలునూ అంతకుముందు పావుమైలు కంటే తక్కువ సమయంలో పరిగెత్తింది. మొదటిది పాతిక సెకన్ల పైచిలుకు, చివరిది 23 సెకన్లు. ఐదు వారాల తర్వాత బెల్మాంట్‌లో ఒకటిన్నర మైలును 2 నిమిషాల 24 సెకన్లలో ముగించింది. రెండో గుర్రం 31 లెంగ్తుల (గుర్రపు నిడివుల) వెనక ఉంది. మూడు రేసుల రికార్డులూ ఇవాళ్టికీ దాని పేరునే ఉన్నాయి. మొత్తం 21 పరుగులు, 16 గెలుపులు.

బెల్మాంట్‌కు ముందు ఇదే పండితులు ఏమన్నారో కూడా చెప్పాలి. తండ్రి బోల్డ్ రూలర్ అమెరికాలో ఎనిమిదిసార్లు అగ్రస్థానంలో నిలిచిన స్టాలియన్ (సంతానం కోసం ఉంచే మగగుర్రం). దాని పిల్లలకు వేగం ఉంటుంది, దూరం నిలవలేవు, కాబట్టి ఇదీ ఒకటిన్నర మైలు నిలవదని జోస్యం. తల్లి సమ్‌థింగ్‌రాయల్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె జీవితంలో ఒక్కసారే పరిగెత్తింది, ఏ స్థానమూ రాలేదు. కానీ ఆమె తండ్రి ప్రిన్స్‌క్విలో ఎంత దూరమైనా దమ్ము చెడకుండా పరిగెత్తిన గుర్రం, కూతుళ్ల పిల్లల ద్వారా పేరు మోసిన గుర్రం. ఆ దమ్ము తల్లి నుంచి వచ్చింది. తండ్రినొక్కడినే చూసి జోస్యం చెప్పినవాళ్లు ఆ జూన్ మధ్యాహ్నం 31 లెంగ్తుల తేడాతో తప్పని తేలారు. అయినా పాఠం నేర్చుకోలేదు. పదేళ్లు తిరక్కుండానే అదే తప్పును, అదే గుర్రం విషయంలో, రెండోసారి చేశారు.

మూడేళ్ల వయసులో ఒక్క రేసు కూడా పరిగెత్తకముందే దాన్ని 60 లక్షల 80 వేల డాలర్లకు 32 వాటాలుగా అమ్మారు. వాటా ఒక్కొక్కటి 1,90,000 డాలర్లు. అప్పటికి అదే రికార్డు. ఆ ఏడాది చివర కెంటకీలోని క్లెయిబోర్న్ ఫార్మ్‌కు చేరింది. డబ్బు పెట్టినవాళ్లకు కావలసింది ఒక్కటే, మరో సెక్రటేరియట్. అది కూడా మగపిల్లే కావాలి. మొదటి ఏట పుట్టిన పిల్లల్లో కెనేడియన్ బౌండ్ అనే మగపిల్లను 1976లో కీన్‌లాండ్ వేలంలో 15 లక్షల డాలర్లకు కొన్నారు. ఏడాది పిల్ల పది లక్షలు దాటడం అదే మొదటిసారి. అది ఒక్క రేసూ గెలవలేదు. అంతే, తీర్పు రాసేశారు. ఒక కొడుకు ఓడితే తండ్రి పని అయిపోయిందట!

నిజానికి కొడుకులు కూడా అంత తీసిపారేయాల్సినవాళ్లు కాదు. రిసెన్ స్టార్ 1988లో ప్రీక్‌నెస్ గెలిచి, బెల్మాంట్‌ను దాదాపు 15 లెంగ్తులతో గెలిచింది. కింగ్‌స్టన్ రూల్ 1990లో ఆస్ట్రేలియా వెళ్లి మెల్బోర్న్ కప్‌ను రికార్డు సమయంలో గెలిచింది. ఇవి చాలవంటారు, ఆ కొడుకులకు మళ్లీ గొప్ప కొడుకులు పుట్టలేదంటారు. సరే, ఆ మాట నిజమే. దాన్ని పట్టుకుని వేలాడనివ్వండి.

కూతుళ్ల దగ్గరికి రండి.

టర్లింగ్వా అనే కూతురికి 1983లో స్టార్మ్ క్యాట్ పుట్టింది. ఒక దశలో ఆ గుర్రంతో ఒక్క ఆడగుర్రాన్ని జతకట్టించడానికి 5 లక్షల డాలర్లు తీసుకునేవాళ్లు. వీకెండ్ సర్‌ప్రైజ్ అనే కూతురికి 1987లో సమ్మర్ స్క్వాల్, 1989లో ఏ.పి. ఇండీ పుట్టాయి. అన్న 1990లో ప్రీక్‌నెస్ గెలిచింది. తమ్ముడు 1992లో బెల్మాంట్, బ్రీడర్స్ కప్ క్లాసిక్ గెలిచి ఆ ఏటి మేటి గుర్రమైంది. తర్వాత 2003లోనూ 2006లోనూ దేశంలోకెల్లా అగ్రస్థాయి స్టాలియన్‌గా నిలిచింది. దాని మనవడు టాపిట్ 2014 నుంచి వరసగా మూడేళ్లు అదే స్థానంలో ఉంది. సెక్రెట్‌టేమ్ అనే మరో కూతురికి గాన్ వెస్ట్ పుట్టింది. 2004లో డెర్బీ, ప్రీక్‌నెస్ గెలిచిన స్మార్టీ జోన్స్ దాని మనవడే.

ఇక లేడీస్ సీక్రెట్. ఆ పేరు రాస్తుంటేనే నాకు ఉత్సాహం వస్తుంది. 1982లో పుట్టిన బూడిదరంగు ఆడపిల్ల, చిన్న ఆకారం. 45 పరుగుల్లో 25 గెలిచింది. 1973లో తండ్రి సారటోగాలో విట్నీ రేసును ఆనియన్ అనే గుర్రం చేతిలో పోగొట్టుకుంది. ఆ ఓటమిని పండితులు ఈనాటికీ కథలుగా చెప్పుకుంటారు. 1986లో అదే సారటోగాలో, అదే విట్నీ రేసులో, మగగుర్రాలను వెనక్కినెట్టి గెలిచింది ఈ కూతురు. ఆ ఏడాది అమెరికాకంతటికీ మేటి గుర్రం ఇదే. తండ్రి బాకీ కూతురు తీర్చింది. ఈ కథ మాత్రం చెప్పరు.

ట్రిపుల్ క్రౌన్ మాట తీసుకోండి. 2015లో అమెరికన్ ఫారో గెలిచింది. దాని తల్లి తండ్రి యాంకీ జెంటిల్‌మన్, స్టార్మ్ క్యాట్ కొడుకు. 2018లో జస్టిఫై గెలిచింది. దాని తండ్రి వరస నేరుగా స్టార్మ్ క్యాట్ దాకా వెళ్తుంది. 2025 కెంటకీ డెర్బీలో పరిగెత్తిన 19 గుర్రాల వంశాల్లోనూ సెక్రటేరియట్ ఉంది. గెలిచిన సోవరిన్టీ సంగతి చూడండి: తండ్రి వైపు స్టార్మ్ క్యాట్, తల్లి వైపు ఏ.పి. ఇండీ. రెండు వైపులా ఒక కూతురి కొడుకు! వంశం నిలబెట్టలేకపోయిందట. ఇంతకన్నా వంశం ఎలా నిలబెడతారు? మొత్తం డెర్బీ గేట్లన్నీ నింపేసింది కదా!

ఈ పక్షపాతం ఆ ఒక్క గుర్రంతో మొదలైంది కాదు. థరోబ్రెడ్ జాతి కథ ఎవరు రాసినా ముగ్గురు మగవాళ్లతో మొదలుపెడతారు: డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయెర్లీ టర్క్. మూడు పేర్లు మనకు కంఠతా వచ్చు. మరి ఆ మూడూ గాలిలో పిల్లల్ని కన్నాయా? ఆస్ట్రేలియావాడు బ్రూస్ లో 19వ శతాబ్దం చివర కూర్చుని ఆడగుర్రాల వైపు నుంచి కుటుంబాలకు నంబర్లు వేశాడు. ఒకటో నంబరు కుటుంబానికి మూలమైన ఆడగుర్రం పేరేమిటో తెలుసా? ట్రెగాన్‌వెల్ గారి బార్బ్ గుర్రం. రెండోది బర్టన్ గారి బార్బ్ గుర్రం. పేరు లేదు, యజమాని పేరే పేరు. ఫలానావారి కోడలు, ఫలానావారి ఇల్లాలు అంటూ పిలిచి అసలు పేరు మరిచిపోయినట్టు. అంత పెద్ద జాతికి తల్లులై ఉండి ఒక పేరుకు నోచుకోలేదు.

వింత ఏమిటంటే ఈ రేసుల లోకానికే ఒక చక్కటి నియమం ఉంది. ఒక తండ్రికి పుట్టిన గుర్రాలన్నిటినీ అన్నదమ్ములనరు. తల్లి ఒకతే అయితేనే ఆ మాట వాడతారు. ఒక స్టాలియన్‌కు ఏటా పదుల సంఖ్యలో పిల్లలు పుడతాయి, ఆడగుర్రానికి ఏడాదికి ఒక్కటే, కాబట్టి తల్లి పొత్తే పొత్తు. ఇంత తెలిసినవాళ్లు స్టాలియన్‌కు మార్కులేసే వేళకు మళ్లీ కొడుకుల్నే లెక్కపెడతారు. మన పాడి రైతును అడగండి. ఆంబోతు పాలివ్వదు. దాని విలువ కూతుళ్ల చెంబులో తెలుస్తుంది. పాడి పశువుల అభివృద్ధి అంతా కూతుళ్ల పాలు కొలిచి తండ్రికి వెల కట్టడం మీదే నడుస్తుంది.

సెక్రటేరియట్ గుండె కథ కూడా ఇక్కడ పైకి తీస్తారని తెలుసు. 1989 అక్టోబర్ 4న లామినైటిస్ అనే గిట్టల జబ్బు ముదిరి, 19 ఏళ్ల వయసులో దాన్ని మందిచ్చి నిద్రపుచ్చాల్సి వచ్చింది. కోసి చూసిన డాక్టర్ థామస్ స్వెర్చెక్ గుండె మామూలు గుర్రపు గుండెకు రెట్టింపుకు పైగా ఉందని, 22 పౌన్లు ఉండవచ్చని అంచనా చెప్పాడు. తూకం వేయలేదు. ఆ పెద్ద గుండె ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా కూతుళ్లకే వెళ్లిందనే సిద్ధాంతం ఒకటి బయల్దేరింది. తండ్రి ఎక్స్ క్రోమోజోమ్ కూతుళ్లకే వెళ్తుందన్నది నిజం. గుండె సంగతి రుజువు కాలేదు. నాకు దాని అవసరమూ లేదు. నా వాదనకు స్టార్మ్ క్యాట్, ఏ.పి. ఇండీ చాలు.

ఈ గుర్రం అసలు లోకానికి దక్కిందే ఒక కూతురి వల్ల. మెడో ఫార్మ్ క్రిస్టఫర్ చెనరీ కట్టుకున్నది. ఆయన జబ్బుపడ్డాక ఫార్మ్ నష్టాల్లో పడింది. అన్న, అక్క అమ్మేద్దామన్నారు. కూతురు పెనీ వద్దంది. నలుగురు పిల్లల తల్లి, గుర్రపు వ్యాపారం అంతకుముందు చేసింది కాదు, ఆ ఫార్మ్‌ను భుజానికెత్తుకుంది. 1972లో రివా రిడ్జ్‌తో డెర్బీ, బెల్మాంట్ గెలిచింది. మరుసటి జనవరిలో తండ్రి పోతే, వారసత్వపు పన్ను కట్టడానికే సెక్రటేరియట్ వాటాలు అమ్మాల్సి వచ్చింది. సెక్రటేరియట్ అన్న పేరు పెట్టింది కూడా ఒక స్త్రీయే, ఆ ఫార్మ్ లెక్కలూ ఉత్తరాలూ చూసిన ఎలిజబెత్ హామ్. పెనీ 2017లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూసింది. చెనరీ వంశాన్ని ఎవరు నిలబెట్టారో ఆ పెద్దమనిషి చెప్పగలడా?

నా కోపానికి ఇంకో కారణం ఉంది, దాచను. కొన్నేళ్ల కిందట మా ఇంటిపేరువాళ్లు కొందరు కలిసి వంశవృక్షం అచ్చువేయించారు. ఏడు తరాలు, రంగుల్లో, చెట్టు బొమ్మ మీద. మా ఇంటికీ ఒకటి పంపారు. మా అక్క పేరు ఉంది, దాని కింద చిన్న అడ్డగీత, అక్కడితో కొమ్మ ఆగిపోయింది. అక్కకు ముగ్గురు పిల్లలు. మా నాన్న చివరి రెండేళ్లు మంచం పట్టినప్పుడు రాత్రుళ్లు పక్కన కూర్చున్నవాడు అక్క పెద్దకొడుకే. మాత్రలు అందించింది, ఒళ్లు తుడిచింది వాడే. ఆ వృక్షంలో వాడు లేడు. పెద్దలతో పోట్లాడాను. "వాళ్లు వేరే ఇంటిపేరువాళ్లు కదరా, వాళ్ల చెట్టులో ఉంటారు" అన్నారు. కాయలు చూపించకుండా చెట్టు బొమ్మ వేసి, ఇదే వంశమంటే నేను ఒప్పుకోను.

కూతుళ్ల పిల్లల గెలుపులను బట్టి స్టాలియన్లకు స్థానాలిచ్చే జాబితా రేసుల్లో విడిగా ఉంది, 1992లో సెక్రటేరియట్ అందులో మొదటి స్థానంలో నిలిచింది, ఇంకేం కావాలని కొందరంటారు. అదే నా అభ్యంతరం. విడి జాబితా ఎందుకు? ఓదార్పు బహుమతిలా పక్కన పెట్టడం ఎందుకు? దానికి గొప్ప ఆడగుర్రాలను జతకట్టించారు కాబట్టి ఆ ఘనత వాటిదేనని మరికొందరు. అయితే బోల్డ్ రూలర్‌కు జతకట్టించినవి ఊరి బండి గుర్రాలా?

స్టాలియన్‌ను కొలిచేటప్పుడు కొడుకుల సంతానాన్నీ కూతుళ్ల సంతానాన్నీ ఒకే పట్టికలో, ఒకే వరసలో వేయాలి. గుర్రం పేరు అచ్చువేసిన ప్రతిచోటా తండ్రి పేరు, తల్లి పేరుతో పాటు తల్లి తండ్రి పేరు కూడా అదే సైజు అక్షరాల్లో ఉండాలి. వాటికి తూకం ఎలా కట్టాలన్నది లెక్కలు తెలిసినవాళ్లు కూర్చుని తేల్చుకోవచ్చు. ముందు ఆ పేర్లు కళ్లముందుకు రానివ్వండి.

మళ్లీ రేసుల రోజున మలక్‌పేట వెళ్తున్నాను. 2025 డెర్బీ గుర్రాల వంశాలు 19 కాగితాల మీద రాసిపెట్టుకున్నాను. సెక్రటేరియట్ కనిపించిన ప్రతిచోటా ఎర్రగీత గీశాను, దానికీ మనవడికీ మధ్య ఉన్న కూతురి పేరు పక్కన రాశాను. ఆ పెద్దమనిషి పక్కనే కూర్చుని, ఆ కూతుళ్ల పేర్లు ఒక్కొక్కటీ ఆయన చేత పైకి చదివిస్తాను.